స్తంభం వెనక ఏముంది?

నేనొక వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌ని, కళ్లకు తొడుక్కుంటే మరో లోకాన్ని చూపించేదాన్ని. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రివనం దగ్గరి సందులో, మూడో అంతస్తులో, గేమ్ డిజైన్ నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాను. కింద అంతా జావా, పైథాన్ బ్యానర్లు. బస్సు దిగిన ప్రతి కుర్రాడి చేతిలో పాంప్లెట్ పెట్టనిదే వదలరు. అందరూ ఉద్యోగం కోసం వచ్చే ఈ పేటలో కథ చెప్పాలని వచ్చేవాళ్లు కొద్దిమందే. వాళ్లే నన్ను వెతుక్కుంటూ మెట్లెక్కుతారు.

హెచ్‌టీసీ, వాల్వ్ కంపెనీలు కలిసి 2016లో బజారులోకి తెచ్చిన వైవ్ రకం నాది. మనిషిని కుర్చీలోంచి లేపి నడిపించడమే మా పని. గదిలో ఎదురెదురు మూలల్లో రెండు చిన్న పెట్టెలు బిగిస్తారు. వాటిలోంచి కంటికి కనపడని లేజర్ కిరణాలు గదినంతా తుడుస్తూ ఉంటాయి. నా ముఖం మీది గుంటల్లో ఉన్న సెన్సర్లకు అవి ఏ క్షణంలో తగిలాయో చూసి, నేనెక్కడ ఉన్నానో కంప్యూటర్ లెక్క కడుతుంది. మీరొక అడుగు వేస్తే లోపలి లోకంలోనూ ఒక అడుగే. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు నడిస్తే నాలో 90. బొమ్మ ఏ కాస్త వెనకబడినా చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. గోడ దగ్గరికి వచ్చారంటే గీతల వల ఒకటి లేపి ఆపుతాను. నా వైరు కాళ్లకు చుట్టుకోకుండా ఒకరు పట్టుకుని వెంట నడవాలి. మే నెలలో నా అద్దాలకు చెమట ఆవిరి పడుతుంది, మనిషి మనిషికీ తుడవాలి.

లోపలికి నడిచి చూసే సినిమా అంటే ఏమిటో నాకు తెలిసినంత చెబుతాను. ‘మాయాబజార్’లో ద్వారకను చూశారు కదా. చిన్నచిన్న ఇళ్ల నమూనాలు పేర్చి, వాటి మధ్య మార్కస్ బార్ట్లే కెమెరాను తిప్పాడు. 1957 నాటి ప్రేక్షకుడు ఆయన చూపించిన దారినే నగరం చూశాడు. నన్ను పెట్టుకున్నవాడికి అలా దారి చూపేవాడు లేడు. ఏ వీధిలోకి తిరగాలో, ఎవరి ముఖం చూడాలో వాడిష్టం. దర్శకుడి చేతిలో కట్ లేదు, క్లోజప్ లేదు. అతనికి మిగిలేది చోటు ఒక్కటే.

ఆ చోటును గొప్పగా వాడుకున్నవాడు మెక్సికో దర్శకుడు ఇన్యారిటు. 2017లో కాన్ చిత్రోత్సవంలో ఆయన ‘కార్నే ఇ అరేనా’ అనే వీఆర్ చిత్రం పెట్టాడు. చెప్పులు విప్పి, నిజమైన ఇసుకలో, ఒంటరిగా నడవాలి. చుట్టూ చీకట్లో అమెరికా సరిహద్దు దాటుతున్న వలస జనం. ఉండేది దాదాపు ఆరున్నర నిమిషాలే. ఆ ఏడాదే ఆస్కార్ అకాడమీ దానికి ప్రత్యేక పురస్కారం ఇచ్చింది. అదే 2017లో మనవాళ్లూ ఊరుకోలేదు. ‘బాహుబలి’ నిర్మాతలు ఆర్కా మీడియా వర్క్స్, చిప్‌ల కంపెనీ ఏఎండీ కలిసి చేసిన ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ వీఆర్ చిత్రం న్యూయార్క్‌లో ట్రైబెకా చిత్రోత్సవానికి వెళ్లింది. మాహిష్మతిని తెర మీద చూడటం కాదు, అందులో నిలబడటం! అప్పట్లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపింది మన రాజా కోడూరి.

ఈ పనిలో అసలు సంగతి నాకు చెప్పింది మాత్రం ఒక పెద్దాయన.

మా దగ్గర చదివే ఒక అమ్మాయి నాలో చూడటానికి కంప్యూటర్‌లో మండువా లోగిలి ఒకటి తయారుచేసింది. నడిమి వాకిట్లో ఒకావిడ ఉత్తరం చదువుతూ ఉంటుంది. మనం ఎంత దగ్గరికి వెళ్తే గొంతు అంత స్పష్టంగా వినిపిస్తుంది. ఆ అమ్మాయి తాత పంజాగుట్ట నిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చి, మనవరాలి పని చూద్దామని మెట్లెక్కాడు. ఒకప్పుడు స్టూడియోల్లో సెట్ కార్పెంటర్. మనవరాలు నన్ను ఆయన కళ్లకు తొడిగింది.

“తాతా, భయపడకు. నేను ఎనకనే ఉన్న.”

ఆయన ఉత్తరం చదివే ఆవిడ వైపు చూడనే లేదు. నేరుగా స్తంభం దగ్గరికి పోయాడు. చెయ్యి చాచాడు, గాలి తగిలింది. వంగి అడుగు రాయి చూశాడు. తరవాత మెల్లగా స్తంభం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు. అక్కడ స్తంభం మాయమైంది! ఆ అమ్మాయి ముందు వైపు పలకలే కట్టింది. అటువంటి పలక వెనకనుంచి చూస్తే కనపడదు.

“ఎనక ఏం లేదేందమ్మా?” అన్నాడు. “మేం సెట్టేసినా గిట్లనే ఉంటుండె. ముంగట ప్లాస్టర్, ఎనక కట్టెలు. కెమెరా ఎనకకు పోదు గదా. నువ్వు మనిషిని లోపలికి పిలుస్తున్నవ్. ఎనక గూడ కట్టాలె బిడ్డా.”

అమ్మాయి కట్టింది. స్తంభం వెనక, మోకాలెత్తు నుంచి పైకి, బొగ్గుతో గీసిన గీతలు పెట్టింది: ఎవరో పిల్లవాడి ఎత్తు కొలిచిన గుర్తులు. నడుమెత్తు దాకా వచ్చి అవి ఆగిపోతాయి. అప్పట్నుంచి నన్ను పెట్టుకున్నవాళ్లు అక్కడ నిలబడిపోతున్నారు. ఉత్తరం ఎవరి గురించో వాళ్లకు అక్కడ అర్థమవుతోంది. ఈ సినిమాకు స్క్రీన్‌ప్లే రాయవలసింది ఇలాంటి చోట్లలోనే అని నా గట్టి నమ్మకం.

చోటు కట్టే విద్య తెలుగువాళ్లకు కొత్త కాదు. నాకు కూతవేటులోనే సారథి స్టూడియో ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడ తయారైంది. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎక్కితే అన్నపూర్ణ స్టూడియోలో 2023 నుంచి ఎల్‌ఈడీ గోడల వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ నడుస్తోంది. కంప్యూటర్‌లో కట్టిన లోకం నటుల వెనక గోడ మీద కదులుతుంది. మా పిల్లలు నేర్చుకునేది కూడా అలాంటి లోకాలు కట్టడమే. నాలో చూసే సినిమాకు ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. సత్యం థియేటర్ ఉన్నచోట 2023లో వచ్చిన ఏఏఏ సినిమాస్‌లో ఒక్క ఆటను వందలమంది చూస్తారు, నా దగ్గర ఒక్కొక్కరే. అయినా ఈ కళకు పునాది మన దగ్గర సిద్ధంగా ఉంది. దాన్ని మనమే విప్పి పారేసుకుంటున్నాం.

మాహిష్మతి సెట్టును రామోజీ ఫిల్మ్ సిటీలో నిలబెట్టి ఉంచారు, జనం వెళ్లి తిరిగి చూస్తున్నారు. మిగతా సెట్లలో చాలావాటికి ఆ అదృష్టం లేదు. షూటింగ్ అయిపోగానే విప్పేసి, కట్టెలు మరో సెట్టుకు తరలిస్తారు. నిర్మాతలారా, కళా దర్శకులారా, విప్పే ముందు ఒక్క రోజు ఆగండి. ఒక ఫొటో మీద ఒకటి కాస్త కలిసేట్టు నాలుగు వైపుల నుంచీ వందల ఫొటోలు తీస్తే చాలు, వాటినుంచి ఆ కట్టడమంతా కంప్యూటర్‌లో మళ్లీ లేపవచ్చు. కెమెరాలతో మా పిల్లలను లోపలికి రానివ్వండి. సెట్టు వెనక వైపు ఫొటోలు కూడా తీసుకోనివ్వండి.