రాడ్డు పార్టీ, తీగ పార్టీ

కోనసీమ పాయల్లో తిప్పుకోడానికి చిన్న ఇనప పడవ ఒకటి సొంత చేతుల్తో కట్టుకుంటానంటే, తాళ్ళరేవు వెళ్ళి చెక్కది చేయించుకోవచ్చు కదా అని ఒక్కరూ అనలేదు. "వెల్డింగ్ మిషను ఏది కొంటున్నారు?" అని మాత్రం అందరూ అడిగారు. అడిగి ఊరుకున్నవాడు లేడు. ఎవరి దగ్గర ఏ మిషనుంటే, లోకంలో పడవలన్నీ దాంతోనే పుట్టాయని వాళ్ళ నమ్మకం. మిషను లేనివాళ్ళ అభిప్రాయాలు ఇంకా గట్టివి.

ఆ గట్టివాళ్ళలో మొదటివారు మా బావగారు. ఆయనది అల్యూమినియం పక్షం. "తేలిక, తుప్పు పట్టదు, ఇంకేం కావాలోయ్!" అన్నారు. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగితే అల్యూమినియం 2,700 తూగుతుంది, కాదనలేం. కాకపోతే అది 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీద కంటికి ఆనని ఆక్సైడు పొర మాత్రం 2,000 దాటితేగాని కరగదు. పైన పెంకులు చెక్కుచెదరకుండా కింద ఇల్లు కారిపోయినట్టన్నమాట. పైగా ఇనుము కరిగేముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియానికి ఆ మర్యాద లేదు, చెప్పాపెట్టకుండా బొక్క పడుతుంది. దానికి ఏసీ టిగ్ అనే వెల్డింగ్ మిషను కావాలి, లేదా తీగతో అతికే మిగ్ మిషనుకి, తీగచుట్ట చేతిలోనే ఉండే స్పూల్ గన్ను తగిలించాలి. ఆ మెత్తటి తీగని పొడుగాటి గొట్టంలోంచి తోస్తే దారిలోనే ఉండచుట్టుకుంటుంది మరి. ఏదైనా ఆర్గాన్ సిలిండరు తప్పదు. ఖర్చు మాట రాగానే బావగారు పక్షం మార్చలేదు గానీ, కాఫీ అడిగారు.

తర్వాత తీగ పార్టీ. గేట్లు, గ్రిల్సు చేసే షాపు కుర్రాడు, "మిగ్ తీసుకోండంకుల్, ట్రిగ్గరు నొక్కడమే" అన్నాడు. నిజమే, షెడ్డులో. కరిగిన లోహాన్ని గాలి తగలకుండా కాచేది నాజిల్లోంచి వచ్చే గ్యాసు. నేను పడవ కట్టేది కొబ్బరిచెట్ల కింద, మధ్యాహ్నమైతే సముద్రపు గాలి కొట్టేచోట. గ్యాసు చెదిరిందా, అతుకు నిండా బుడగలు. గ్యాసక్కర్లేని ఫ్లక్సు తీగ ఉందనుకోండి. అడిగితే తెప్పిస్తామంటారు, ఎప్పుడో చెప్పరు.

ఇక మిగిలింది రాడ్డు. స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెర్గ్ వందేళ్ళ కిందటే ఓడల బాయిలర్లు బాగుచేస్తూ రాడ్డుకి పూత పూయడం కనిపెట్టాడు. ఆ పూత కాలి తన గ్యాసు తనే పుట్టించుకుంటుంది, గాలికి అంతగా జడవదు. అందులోనూ రెండు కులాలు. 6013 ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, ఎవరితోనైనా సర్దుకుపోతుంది. 7018 బలమైనది, కానీ తేమ తగిలితే అలుగుతుంది. ఆ తేమలోని హైడ్రోజన్ అతుకులో చేరి పగుళ్ళు తెస్తుంది. పొడిగా దాచాలి, తడిస్తే ఓవెన్లో మూడొందల డిగ్రీల పైన కాల్చాలి. గోదావరి జిల్లాల్లో ఆషాఢం నుంచి అప్పడాలే కరకరలాడవు, రాడ్లేం ఆడతాయి!

పగులంటే తేలిక కాదు. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే వెల్డింగు ట్యాంకరు తుఫానూ లేదు, యుద్ధమూ లేదు, రేవులో కట్టేసి ఉండగానే దాదాపు రెండుగా విరిగింది. చలి, పెళుసు ఉక్కు, అతుకుల దగ్గర లోపాలు కలిసి చేసిన పని. ఈ కథ ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది.

సరే, రాడ్డుకే ఓటని మిషన్లు చూడబోతే, డబ్బా మీద 200 ఆంపియర్లని పెద్దక్షరాల్లో, డ్యూటీ సైకిల్ 60 శాతమని చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అంటే ఆ పూర్తి కరెంటు మీద పది నిమిషాల్లో ఆరే పని, నాలుగు విశ్రాంతి. నాకది పొదుపైన ఏర్పాటే. 3 ఎం.ఎం. రేకుకి 2.5 ఎం.ఎం. రాడ్డు వాడితే 60 నుంచి 90 ఆంపియర్లు చాలు. రేకు వంకరపోకుండా ఇక్కడో ముక్క, అక్కడో ముక్క అతుకుతూ పోవాలి కాబట్టి, మిషను కన్నా మనమే ఎక్కువ తిరుగుతాం.

చివరికి సింగిల్ ఫేజు ఇన్వర్టరు వెల్డింగ్ మిషను కొనేముందు, నర్సాపురం రేవులో పంటుకి మాట్లు వేస్తున్న పెద్దాయన్ని అడిగాను. ఆయనది ఆయిల్లో మునిగి ఉండే పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ మిషను.

"మిషనుదేవుందండీ, ఏదైనా అంటుకుంటాది. ఎర్త్ క్లాంపు మాత్రం మంచిది కొనండి. గ్రైండర్లు రెండు కొనండి."

"రెండెందుకండీ?"

"మీరేసిన వెల్డింగు అరగదీస్తుంటే మొదటిది వేడెక్కిపోద్ది కదండీ, ఆయ్!"