గేటు తెరిచే ముందు వినకూడని సలహాలు

పుత్తూరులో పెరిగినవాళ్ళకి ఎముక విరిగిన మనుషులు కొత్త కాదు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి కారు వెనకసీట్లో కాలు చాపుకుని పక్కనున్న ఈశ్వరాపురం వస్తారు, పుత్తూరు కట్టు వేయించుకుని పోతారు. కట్టు విప్పిన రోజున వాళ్ళలో ఎవరూ పరుగు తీయరు. ముందు గోడ పట్టుకుంటారు, తర్వాత ఎవరి భుజమో పట్టుకుంటారు, నొప్పి తిరగబెడితే మళ్ళీ మంచం ఎక్కుతారు. కొవిడ్ లాక్‌డౌన్ తర్వాత 2020 జూన్ 8 నుంచి గుళ్ళు, హోటళ్ళు, మాల్స్ తెరుచుకోవచ్చని కేంద్రం చెప్పినప్పుడు ఈపాటి ఇంగితం చాలాచోట్ల కనబడలేదు. తాళం తీయడమే తెరవడం అనుకున్నారు. సలహాలిచ్చేవాళ్ళకి మాత్రం కొదవ లేదు. అప్పుడు చెవిన పడ్డ తప్పుడు సలహాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను, అవి ఎందుకు తప్పో కూడా చెబుతాను. రేపు మరో మహమ్మారి వస్తే జలపాతం దగ్గర టికెట్ చింపే మనిషికి, ఊరిగుడి కమిటీకి, తిరణాలలో రంగులరాట్నం తిప్పేవాళ్ళకి అక్కరకొస్తుందని నా ఆశ.

“జ్వరం చూసే మిషన్ ఒకటి కొనండి, ఇంక దిగుల్లేదు.”

అందరూ మొదట చెప్పిన సలహా ఇదే. నుదుటికి గురిపెట్టే ఆ తెల్ల తుపాకీకి జ్వరం ఒక్కటే తెలుసు. కొవిడ్ సోకినవాళ్ళు లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల ముందునుంచే పక్కవాళ్ళకి అంటించగలరు. కొందరికి లక్షణాలే రావు. జ్వరం మాత్ర వేసుకుని వచ్చినవాణ్ణి కూడా అది వదిలేస్తుంది. మిషన్ ఉంటే ఉండనీయండి గానీ దాన్ని నమ్ముకుని మిగతావి వదిలేయకండి. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఇల్లు కదలకుండా ఉండే దారి చూడండి. చెన్నైలో కారు మాట్లాడుకుని, పిల్లాపాపలతో బయల్దేరి, టికెట్టుకి ముందే డబ్బు కట్టినవాడు గేటు దాకా వచ్చాక “నాకు నిన్నటినుంచి దగ్గు” అని చెప్పడు. డబ్బు వాపసు ఇస్తామనో, ఇంకో తేదీకి మార్చుకోవచ్చనో టికెట్టు మీదే పెద్ద అక్షరాల్లో రాయండి. చెప్పినట్టే ఇవ్వండి.

“మందు జల్లే సొరంగం పెడితే జనానికి ధైర్యం వస్తుంది.”

2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో రైతుబజార్ల ముందు ఇవి వెలిశాయి. మనుషుల మీద క్రిమిసంహారక ద్రావణం చల్లొద్దని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఒంటి మీద చల్లిన మందు ఊపిరిలో ఉన్న వైరస్‌ను ఏమీ చేయదు. కళ్ళు మండిస్తుంది, చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరాడనివ్వదు. ఆ డబ్బుతో నాలుగు కుళాయిలు, సబ్బులు పెట్టించండి.

“గంటలు తగ్గిస్తే జనం తగ్గుతారు.”

వినడానికి సబబుగానే ఉంటుంది. పొద్దున ఆరునుంచి సాయంత్రం ఆరు దాకా విడివిడిగా వచ్చేవాళ్ళందరినీ పదికీ రెండుకీ మధ్య కుక్కితే ఏమవుతుందో ఆలోచించండి. తగ్గాల్సింది ఒక్కసారి లోపల ఉండే మనుషులు. గంటలు పెంచి, ప్రతి గంటకీ ఇంతమంది అని లెక్క కట్టాలి. తిరుమలలో అలా గంటల లెక్క కట్టారు. మామూలు రోజుల్లో అరవై డెబ్బై వేలమంది దర్శనం చేసుకునే కొండ మీద జూన్ 11న రోజుకి 6,000 మందితో మొదలుపెట్టారు. గంటకి 500 మంది. అంతకుముందు మూడు రోజులు ఉద్యోగులతో, స్థానికులతో క్యూలు నడిపించి చూసుకున్నారు. పదేళ్ళలోపు పిల్లల్ని, 65 దాటిన పెద్దల్ని రావొద్దన్నారు. ఇంత పెద్ద ఆలయమే పదోవంతుతో మొదలుపెట్టినప్పుడు, మన ఊళ్ళో పార్కు వంద మందికి బదులు పదిమందితో మొదలుపెట్టడం నామోషీ కాదు.

“కోనలో పారే నీళ్ళు, అక్కడ ఏ రోగమూ నిలవదు.”

నారాయణవనం దాటి కైలాసకోనకి పోయేవాళ్ళ నోట విన్నాను ఈ మాట. ఏడాది పొడుగునా నీళ్ళు పడే చోటు అది. ఆదివారం తమిళనాడు బళ్ళతో నిండిపోతుంది. ఆరుబయట ప్రమాదం తక్కువన్న మాట నిజమే, కాదనను. జలపాతం కింద జనం నిలబడే తీరు చూడండి మరి. ధార పడే చోటు కాస్తంతే. దాని కిందే అందరూ భుజాలు రాసుకుంటూ, అరుచుకుంటూ, నోళ్ళు తెరిచి నీళ్ళు చిమ్ముకుంటూ ఉంటారు. తడిసిన మాస్కు పనికిరాదు, ఊపిరి కూడా సరిగా ఆడదు. బట్టలు మార్చుకునే గదికి గాలి రాదు. తిరుగు ప్రయాణంలో షేర్ ఆటోలో పదిమంది ఒకరి ఒళ్ళో ఒకరు. ఇలాంటి చోట ధార కిందికి ఒక విడతలో ఇంతమందే అని ఈల వేసి పంపే మనిషి ఉండాలి. పొడి మాస్కు కవర్లో దాచుకుని రమ్మని గేటు దగ్గరే చెప్పాలి. బట్టలు మార్చుకునే గది పైకప్పు తీసేసి గోడలు మాత్రం ఉంచినా మంచిదే.

“గేటు లోపల దూరం పాటిస్తే చాలు, బయటి సంగతి పోలీసులు చూసుకుంటారు.”

లోపల ముగ్గుతో గుండ్రాలు గీసి, బయట తొక్కుకుంటూ నిలబెట్టడం అనేకచోట్ల చూశాం. జనాన్ని కొండ మీద తగ్గిస్తే కొండ కింద టోకెన్ల దగ్గర పోగవుతారు. పెరటాసి నెలలో తమిళ భక్తులు పసుపు బట్టలు కట్టుకుని, గోవిందనామాలు చెప్పుకుంటూ మా పుత్తూరు మీదుగానే నడిచిపోతారు. 2020లో ఆ నెల వస్తుందనగా, రద్దీకి జడిసి తిరుపతిలో ఉచిత టోకెన్లు ఇవ్వడం తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) ఆపేసింది. నొప్పి కలిగించిన నిర్ణయమే అయినా ఆ రోజుల్లో అది సరైనది. మహమ్మారి లేనప్పుడు కూడా బయటి క్యూ ఎంత పని చేస్తుందో 2025 జనవరి 8 రాత్రి మనకి తెలిసొచ్చింది. తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళలో ఆరుగురు తొక్కిసలాటలో పోయారు. మీ ప్లానులో గేటు బయటి రోడ్డు, బస్టాండు, చెప్పులు విడిచే చోటు లేకపోతే అది ప్లానే కాదు.

“వచ్చేవాళ్ళ సంగతి చూడండి, పనివాళ్ళు మనవాళ్ళేగా.”

నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా ఇది. వచ్చినవాడు అరగంట ఉండి పోతాడు. టికెట్టు చింపేవాడు, ప్రసాదం పంచే మనిషి, కల్యాణకట్టలో గుండు గీసే క్షురకుడు, హారతి పట్టే అర్చకుడు, క్యూ తోసే పోలీసు పొద్దుణ్ణించి రాత్రి దాకా అక్కడే ఉంటారు. వేలమంది వాళ్ళ ముందునుంచి నడిచిపోతారు. తిరుమలలో భక్తుల కోసం అంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసినా, జులై నెల నడిమికల్లా సిబ్బందిలో 140 మందికి కొవిడ్ తేలింది. అందులో 14 మంది అర్చకులు. దర్శనాలు కొన్నాళ్ళు ఆపమని అప్పటి గౌరవ ప్రధానార్చకులు రమణ దీక్షితులు బహిరంగంగానే అడిగారు. దర్శనాలు ఆగలేదు. ఆగస్టు రెండో వారానికి ఆ లెక్క 743కి చేరిందని, ముగ్గురు చనిపోయారని టీటీడీ ఈవో స్వయంగా చెప్పారు.

అందుకే ముందు పనివాళ్ళతో మొదలుపెట్టండి. వాళ్ళని రెండు మూడు జట్లు చేయండి, ఒక జట్టు మొహం ఇంకో జట్టు చూడకూడదు. ఒక జట్టుకి జబ్బొస్తే రెండోది నడిపిస్తుంది. క్యూలో దూరం పాటించినవాళ్ళు అన్నం దగ్గర ఒకే బల్ల చుట్టూ మాస్కులు తీసి కూర్చుంటారు, రాత్రి ఒకే గదిలో పడుకుంటారు. రోగం అక్కడ పాకుతుంది. తిండి బయట చెట్టుకింద పెట్టించండి, పడకలు ఎడం చేయించండి. రోజుకూలీకి వచ్చేవాళ్ళ సంగతి మరీ ముఖ్యం. కూలి పోతుందన్న భయంతో వాళ్ళు దగ్గుని దాచుకుంటారు. జబ్బు చేసి ఇంట్లో ఉన్న రోజులకి కూలి ఇస్తామని చెప్పండి, రాసివ్వండి. ఇది దానం కింద లెక్కేసుకోకండి, సబ్బు ఖర్చు లాంటిదే.

“గంగమ్మ తల్లి చూసుకుంటుంది.”

తల్లి మీద నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అయితే తిరుపతి గంగమ్మ జాతరలో చాటింపు ఎందుకు వేస్తారో గుర్తు చేసుకోండి. చాటింపు వేశాక ఊరివాళ్ళు ఊరు విడిచి పోకూడదు, పోయినా రాత్రికి తిరిగి రావాలి. ఇల్లిల్లూ ఆ మాట వింటుంది. డప్పు కొట్టి, ముందే, అందరికీ ఒకే మాట చెప్పడం మన పెద్దలకి తెలిసిన పని. ఎన్ని గంటలకి తెరుస్తారు, ఎందరిని పంపుతారు, ఎప్పుడు మూస్తారు అన్నది అలా చాటించండి. తెలుగులో, తమిళంలో కూడా. మా పొలిమేర దాటితే తమిళమే.

“ఒకసారి తెరిచాక మళ్ళీ మూస్తే పరువు పోతుంది.”

2020 జూన్‌లో ఉద్యోగి ఒకరికి కొవిడ్ తేలగానే తిరుపతి గోవిందరాజస్వామి గుడిని రెండు రోజులు మూసి శుభ్రం చేశారు. ఎవరి పరువూ పోలేదు. ఎందరికి జబ్బు తేలితే మూస్తారో తెరవకముందే కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఆ రోజు వచ్చినప్పుడు వాదులాట ఉండదు.

గేటు తెరిచే తేదీ వేసే ముందు ఒక్క పని చేయండి. ఆ గేటు దగ్గర నిలబడబోయే మనిషిని పిలిచి కూర్చోబెట్టి, ఇంట్లో ముసలివాళ్ళు ఎవరున్నారు, నీకేం భయంగా ఉంది అని అడగండి. ఆ మనిషి చెప్పింది విన్నాకే తేదీ వేయండి.