టఫీ, వాడితో చెప్పు

మా ఇంటికి కుక్క రావడానికి కారణం దొంగల భయం కాదు, మాధురీ దీక్షిత్.

1994 ఆగస్టులో విడుదలైన 'హమ్ ఆప్కే హై కౌన్' తెలుగులో 'ప్రేమాలయం'గా వచ్చింది. రాజమండ్రిలో ఇంటిల్లిపాదీ వెళ్లి చూశాం. పద్నాలుగు పాటలు, మూడు గంటల పైచిలుకు సినిమా. ఫైటు లేదు, పీక కోసే విలనూ లేడు. ఇంటర్వెల్లో నాన్న "ఇంతకీ భోజనాలెప్పుడు పెడతార్రా?" అని అడిగారు. బయటికొచ్చాక అమ్మ మాధురి కట్టిన ఊదారంగు చీర కావాలంది. నేనూ అన్నయ్యా కుక్క కావాలన్నాం. నాన్న రెండింటి ధరా కనుక్కుని కుక్కకే ఓటేశారు. అమ్మ ఆ ఓటమిని ఇప్పటికీ మరిచిపోలేదు.

కథ గుర్తుందిగా? రాజేష్, ప్రేమ్ అన్నదమ్ములు. వదినగారి చెల్లెలు నిషా మీద ప్రేమ్ మనసు పడతాడు. వదిన మెట్ల మీంచి పడి కన్నుమూస్తుంది. పసివాడి కోసం నిషాని రాజేష్‌కే ఇచ్చి చేయాలని పెద్దలు తీర్మానిస్తారు. ప్రేమికులిద్దరూ నోరు విప్పరు. ఇల్లంతా పెద్దమనుషులే, ఒక్కరికీ అనుమానం రాదు. చివరికి, ప్రేమ్‌కి ఇవ్వమని నిషా ఇచ్చిన చీటీని టఫీ అనే తెల్లకుక్క రాజేష్ చేతిలో పెడుతుంది. గుట్టు రట్టయి పెళ్లికొడుకు మారతాడు, కథ సుఖాంతం.

దర్శకుడు సూరజ్ బర్‌జాత్యాకి మొదట్నుంచీ తపాలాశాఖ మీద నమ్మకం లేనట్టుంది. అంతకుముందు 'మైనే ప్యార్ కియా'లో, అదే మన 'ప్రేమపావురాలు'లో, ఉత్తరం మోసింది పావురం. ఇందులో కుక్క. పైగా ఈ కుక్క క్రికెట్ మ్యాచికి అంపైరు కూడా. హిందీలో ఈ రెంటిలోనూ సల్మాన్ ఖాన్ పాటందుకుంటే వినిపించేది మన బాలు గొంతే కాబట్టి, బొంబాయి బంగళాలో జరిగిందంతా మా వీధిలోనూ జరగవచ్చని నేను గట్టిగా నమ్మాను.

1995లో బూరుగుదూది ఉండలాంటి పిల్ల ఒకటి బుట్టలో వచ్చింది. మేం పామరేనియన్ అన్నాం. పశువుల డాక్టరు "ఇండియన్ స్పిట్జ్" అని దిద్దాడు. పేరు విషయంలో మాత్రం చర్చ లేదు. ఆ రోజుల్లో తెల్లగా పుట్టి తోక వంకరగా ఉంటే చాలు, టఫీయే.

1998లో నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా నాలుగిళ్ల అవతల అమ్మాయికి ఉత్తరం రాశాను. ఫోన్ చేద్దామంటే వాళ్ల ఫోను వాళ్ల నాన్నగారి పడక్కుర్చీకి ఆనుకుని ఉండేది. టఫీకి వారం రోజులు గ్లూకోజు బిస్కెట్లు పెట్టి ఆ గేటు దాకా నడక నేర్పాను. ఎనిమిదో రోజు ఉత్తరం మడిచి మెడపట్టీకి గాలిపటం దారంతో కట్టి "వెళ్లరా" అన్నాను. వాడు వీరుడిలా బయల్దేరి, ఆ గేటు దాటి, వీధి చివర ఇడ్లీ బండి దగ్గర ఆగాడు. అక్కడ ఇడ్లీ తింటున్నది మా అన్నయ్య.

అచ్చం సినిమాలోలాగే ఉత్తరం అన్న చేతిలో పడింది. కాకపోతే రాజేష్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా అన్నయ్య అప్పట్లో తెలుగు పండిత శిక్షణలో ఉన్నాడు. రాత్రి పడుకోబోతే తలగడ కింద నా ఉత్తరం, ఎర్రసిరా సున్నాలతో. 'హృదయం' నేను 'హ్రుదయం' అని రాశాను. 'ప్రియమైన'కి దీర్ఘమిచ్చాను. అడుగున ముత్యాల్లాంటి అక్షరాలు: "భావం ఫరవాలేదు. తప్పులు 11. సాపు చేసి ఇవ్వు."

సాపు చేసి నేనే ఇచ్చాను. ఆవిడ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. "ఆ ఉత్తరం చూసి ఎంత చదువుకున్నవాడో అనుకున్నాను. పెళ్లయ్యాక మీ కిరాణా చీటీ చూస్తే తెలిసింది మోసపోయానని" అంటుంది.

ఇక్కడితో ఆగితే మాదీ ప్రేమాలయమే. కానీ సినిమాకి శుభం కార్డు పడుతుంది, ఇంటికి కరెంటు బిల్లు వస్తుంది.

నాన్న పోయాక ఇల్లు రెండు వాటాలైంది. మధ్యన నడుమెత్తు గోడ, ఇద్దరికీ కలిపి ఒకే బోరు మోటారు. 2007 వేసవిలో ఒక రాత్రంతా మోటారు తిరిగింది. స్విచ్చి ఆపనిది నువ్వంటే నువ్వనుకున్నాం. బిల్లు మీద మూడొందల నలభై రూపాయలు ఎక్కువొచ్చింది. దాని మీద మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయి, చివరికి మాటలే పోయాయి. ఆస్తి పంపకంలో పెదవి విప్పని అన్నదమ్ములం మోటారు దగ్గర విడిపోయాం.

టఫీకి మాత్రం పంపకం ఎవరూ చెప్పలేదు. అప్పటికి వాడికి పన్నెండేళ్లు. టోపీ పెట్టుకుని అంపైరింగ్ చేసిన కుక్క ఆ వయసులో ఎలా ఉంటుందో బర్‌జాత్యాగారు చూపించలేదు. నేను చెబుతాను. కళ్లలో శుక్లాలు, తెల్లారగట్ట చెరువు మీద మంచులా. పళ్లు నాలుగు. చెవులు దాదాపు పోయాయి, కుక్కరు కూత ఒక్కటే వినిపించేది, దాన్ని దొంగ అనుకుని మొరిగేవాడు. పొద్దున అన్నయ్య వాటాలో పెరుగన్నం, సాయంత్రం మా వాటాలో పెరుగన్నం. గోడకున్న సందులోంచి రావడం, పోవడం.

కీళ్ల నొప్పులకి డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. నేను ఇడ్లీ మధ్యలో గుంట చేసి, మాత్ర దాచి, పైన నెయ్యి రాసి పెట్టేవాణ్ణి. వాడు తీరిగ్గా, కళ్లు మూసుకుని, ఇడ్లీ అంతా తినేవాడు. చివర్లో నేల మీద మాత్ర ఒక్కటీ కడిగిన ముత్యంలా మిగిలేది. కళ్లు కనపడనివాడికి అదెలా కనపడేదో!

ఒకరోజు గోడ అవతల నుంచి అన్నయ్య గొంతు: "టఫీ! మాత్ర ఇడ్లీలో కాదు, బెల్లంలో పెట్టమని వాడితో చెప్పు!"

నేనూ తగ్గలేదు. "టఫీ! కుక్కలకి బెల్లం పడదని ఆయనతో చెప్పు!"

అలా మొదలైంది. కుక్కకి చెవుడు కాబట్టి ఇద్దరం గట్టిగా అరవాల్సి వచ్చేది. దాంతో మా ఇంటి గుట్టు దానవాయిపేట సగానికి తెలిసేది. "టఫీ, అమ్మకి బీపీ బిళ్లలు అయిపోయాయని చెప్పు!" "టఫీ, ఈ నెల మోటారు బిల్లు నేను కట్టానని చెప్పు!" వాడు మధ్యలో కూర్చుని, అంపైరులా ఇటోసారి అటోసారి తల తిప్పి, నిద్రపోయేవాడు. ఉత్తరం ఒక్కటీ సరిగ్గా చేర్చలేనివాడు ముసలితనంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అయ్యాడు.

ఒక రాత్రి వాడు కనపడలేదు. నేను టార్చి పట్టుకుని వీధిలోకొస్తే, అవతలి గేటులోంచి ఇంకో టార్చి. ఒకే వీధిలో చెరో పక్కా నడుస్తూ వెతికాం. మధ్యలో టఫీ లేడు కాబట్టి మాట్లాడుకునే వీల్లేదు. వీధి చివర, ఇడ్లీ బండి ఎత్తేసి ఏళ్లయిన చోట, ఖాళీ గట్టు ముందు కూర్చుని తోకాడిస్తున్నాడు. ఎత్తుకోబోతే నడుం పట్టేసి నేనక్కడే చతికిలబడ్డాను. అన్నయ్య వాణ్ణి భుజాన వేసుకుని నా కాళ్ల వంక చూశాడు.

"చెప్పులు రెండూ కుడికాలివే వేసుకొచ్చావు" అన్నాడు. మూడేళ్లలో నేరుగా నాతో అన్న మొదటి మాట, అదీ తప్పు దిద్దడమే.

2010 చివర్లో టఫీ నిద్రలోనే పోయాడు. పదిహేనేళ్లు బతికాడు. పెరట్లో కొబ్బరిచెట్టు కింద ఇద్దరం కలిసే గొయ్యి తవ్వాం. ఒక్క మాటా లేదు. వారం గడిచింది. ఏదైనా చెప్పాలంటే ఇద్దరికీ గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. చెప్పడానికి మధ్యలో ఎవరూ లేరు.

ఎనిమిదో రోజు పొద్దున్నే గోడ అవతల నుంచి అదే కేక.

"టఫీ! మీ వదిన పెసరట్లు వేస్తోంది, చల్లారిపోతాయని వాడితో చెప్పు!"

కొబ్బరిచెట్టు వైపు ఒకసారి చూశాను.

"టఫీ! వస్తున్నాడని చెప్పు!" అన్నాను.