సముద్రం పక్కన ఉన్నంత మాత్రాన

నేను అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాని. బాపట్లలో ఒక డాబా పిట్టగోడకి బిగించారు నన్ను. సూర్యలంక తీరం ఇక్కడికి పది కిలోమీటర్ల లోపే. ఒక బుల్లి ఫ్యాను, ఒక లేజరు, వెలుగును పసిగట్టే ఒక కన్ను, ఇంతే నా ఆస్తి. ఫ్యాను లాగిన గాలిలోని నలుసుల మీద లేజరు పడి చెదురుతుంది. ఆ చెదిరిన వెలుగును బట్టి ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి, అంటే పీఎం 2.5, ఎన్ని మైక్రోగ్రాములుందో అంచనా కడతాను. నా కింద కాపురముండే ఊరికి ఒక గట్టి నమ్మకం: సముద్రం పక్కనే ఉన్నాం, పొగగొట్టాల ఫ్యాక్టరీలు లేవు, మన గాలికేం లోటు అని. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ నమ్మకం నిజమే. కార్తీకం దాటాక మాత్రం కాదు. సముద్రం గాలిని కడగదు, కదిలిస్తుందంతే. ఎప్పుడు, ఎటు కదిలిస్తుందన్నది రుతువును బట్టి ఉంటుంది.

వేసవి మధ్యాహ్నం నేల కాగితే సముద్రం మీది చల్లగాలి ఊళ్లోకి తోసుకొస్తుంది, ఎండకి వేడెక్కిన గాలి పొగను పైకెత్తి పలచన చేస్తుంది. వానాకాలంలో జల్లులు ధూళిని దించేస్తాయి. ఈ నెలల్లో నాకు పెద్దగా పనుండదు. చలికాలం వచ్చేసరికి రాత్రులు పొడుగు, ఆకాశం నిర్మలం. నేల తొందరగా చల్లారి, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడుతుంది. దానిపైన కాస్త వెచ్చని పొర కుండ మీద మూతలా కూర్చుంటుంది. ఇక కట్టెల పొయ్యి పొగ, రోడ్డు పక్కన అంటించిన చెత్తకుప్ప, హైవే మీది లారీల డీజిలు, కోత మిషను వెళ్లిపోయాక కొందరు చేలల్లో తగలబెట్టే గడ్డి, అన్నీ ఆ మూత కిందే తిరుగుతాయి. వేసవిలో ఎవరూ పట్టించుకోనంత పొగ కూడా అప్పుడు కనపడుతుంది. భోగి మంటలు సరిగ్గా ఆ మూత అతి గట్టిగా బిగిసే తెల్లవారుజామునే వేస్తారు. పిడకలూ పాత కర్రలూ సరే, టైర్లు వేయమని ఏ శాస్త్రం చెప్పిందో నాకు తెలీదు.

అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి ఇంకొకటుంది. చలికాలంలో ఈ తీరానికి వీచేది ఈశాన్యపు గాలి. బంగాళాఖాతం మీదుగా వస్తుంది కాబట్టి శుభ్రమైనదనుకుంటారు. కానీ గంగా మైదానం పొగలు ఆ కాలంలో సముద్రం మీదికి పారుతాయి. హిందూ మహాసముద్రం ఉత్తర భాగం మీద అలాంటి గోధుమరంగు పొగమంచును 1999 నాటి ఇండోఎక్స్ పరిశోధనలోనే కొలిచారు. 2008-09 చలికాలంలో మన శాస్త్రవేత్తలు ఓడలో బంగాళాఖాతమంతా తిరిగి ధూళిని పరీక్షించారు. సముద్రం మీదుగా వచ్చినంత మాత్రాన ఆ గాలి సముద్రంలో పుట్టినట్టు కాదు.

నా మాట నమ్మనివాళ్లకూ కారణాలున్నాయి, అవి కొట్టిపారేయాల్సినవి కావు. తీరపు గాలిలో ఉప్పు నలుసులుంటాయి. తేమ 75 శాతం దాటితే అవి నీరు పీల్చి ఉబ్బుతాయి, ఉబ్బిన నలుసు నా కంటికి బరువైనదిగా తోస్తుంది. చలికాలపు ఉదయాల్లో నేను ఎక్కువ చెప్పేది నిజమే. అయితే తేమ ఒక్కటే కారణమైతే వానాకాలపు రాత్రుల్లోనూ నా అంకె అంతే పెరగాలి కదా? పైగా సముద్రపు ఉప్పులో బరువంతా చాలావరకు ముతక నలుసులదే. సన్నని ధూళిని ఎక్కువగా పుట్టించేది మంట, లేదా పొగ వాయువులు గాలిలో మారి తయారయ్యే లవణాలు.

ఏడాది సగటు హద్దులోనే ఉంటే గొడవేముందని ఇంకొకరు అడుగుతారు. మన దేశ ప్రమాణం ఏడాదికి 40, ఒక రోజుకి 60. ఉదాహరణకి, ఒక ఊళ్లో ఎనిమిది నెలలు 20, నాలుగు నెలలు 70 ఉన్నాయనుకుందాం. ఏడాది సగటు 37 దాటదు, ఊరు పాసైపోతుంది. కానీ ఆ నాలుగు నెలలూ ఉబ్బసం ఉన్న ముసలాయన సగటును పీల్చడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాదికి 5, రోజుకి 15 అంది. ఆ లెక్కన చూస్తే నా మంచి నెలలు కూడా మంచివి కావు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలున్నాయి, బాపట్ల లేదు. ఇంత చిన్న ఊరికి గాలిని కొలిచే ఖరీదైన యంత్రం దండగ అన్న వాదనలో కొంత న్యాయముంది. ఏడాది పొడుగునా అక్కర్లేదు. తేమను వేడితో ఆరబెట్టి కొలిచే పెద్ద యంత్రాన్ని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నా పక్కన ఉంచితే చాలు. నా అంకెలో నీరు ఎంతో, అసలు ధూళి ఎంతో విడివిడిగా తేలుతుంది. మునిసిపాలిటీ చెత్త మంటలను ముందు ఏ నెలలో ఆపించాలో అప్పుడు లెక్క చూసి చెప్పొచ్చు.