‘ఏం లేదు’ అను వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక

జపాన్ ప్రేమకథా అనిమేల్లో ప్రేమ మొదటి ఎపిసోడ్‌లోనే పుడుతుంది. అది మనసులోంచి నోటిదాకా రావడానికి మాత్రం ఒక సీజన్ చాలదు. ఈలోగా ప్రేక్షకుడు పళ్లు నూరుకునే ఘట్టాలన్నిటి సారమూ కింది మూలంలో ఉంది. ఇది ఏ ఒక్క కథలోదీ కాదు, అలాగని ఏ కథకూ పరాయిది కాదు. సందర్భం వేసవి జాతర, వేళ రాత్రి, స్థలం ఏటిగట్టు, నాయిక యుకాతా కట్టుకుని ఉన్నది.

మూలం

“నీకొక మాట చెప్పాలి. నాకు... నువ్వంటే...”
(బాణసంచా పేలును.)
“ఏమన్నావు?”
“అబ్బే, ఏం లేదు.”

ప్రతిపదార్థం

నీకు = అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టుండే నీకు; ఒక మాట = ఒకే ఒక్క మాట, రెండోది అక్కర్లేనిది; చెప్పాలి = చెప్పవలసి ఉన్నది (చెబుతానని అర్థం కాదు); నాకు = ఊరంతా ఎరిగిన సంగతిని ఆలస్యంగా గ్రహించిన నాకు; నువ్వంటే = ఇక్కడ వాక్యం ఆగినది, కర్త కర్మలు దొరికినా క్రియ దొరకదు; ఏమన్నావు = విన్నదే మరొకసారి వినగోరి అడుగుట; అబ్బే = ధైర్యం జారిపోవుటను సూచించు అవ్యయం; ఏం లేదు = ఉన్నదంతా.

తాత్పర్యం

విషయం వచ్చే వారానికి వాయిదా పడినదని భావం.

రసనిర్ణయం

ఇది శృంగారమే, అందులోనూ విప్రలంభం. అయితే మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పిన అభిలాష, విరహ, ఈర్ష్య, ప్రవాస, శాపాలనే అయిదు హేతువుల్లో ఏదీ ఇక్కడ సూటిగా అతకదు. అభిలాష ఉంది, కానీ మనిషి మూడడుగుల దూరంలోనే ఉంది. ప్రవాసం లేదు; ఇద్దరివీ ఒకే తరగతిలో పక్కపక్క బల్లలు. కనుక బాణసంచాను ఆరో హేతువుగా ఒప్పుకోక తప్పదు. మరో చిక్కు: 33 సంచారి భావాల్లో ఒకటైన వ్రీడ, అంటే సిగ్గు, మెరిసి మాయం కావలసింది పోయి, ఈ కథల్లో స్థాయి పీఠమెక్కి కూర్చుంటుంది. అసలు స్థాయి అయిన రతి గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది.

ఆక్షేపం, సమాధానం

చప్పుడు సద్దుమణిగాక అదే మాట మళ్లీ చెప్పవచ్చు కదా అని ఆక్షేపం. చెప్పవచ్చు. చెబితే పత్రికలో మాంగా ఆగిపోతుంది. చాలా అనిమేలకు మూలం పత్రికల్లో ఇంకా నడుస్తున్న మాంగాయే. అది తేల్చని సంగతిని అనిమే తేల్చదు. ఎపిసోడ్లు అయిపోతాయి, ముడి అలాగే మిగులుతుంది. కరుహో షియినా మాంగా ‘కిమి నీ తొదోకే’ 2017 దాకా నడిచింది. అనిమే 2009లోనే మొదలైంది. 25 ఎపిసోడ్ల తొలి సీజన్ ముగిసినా నాయిక సవాకో, నాయకుడు కజెహాయా జంట కాలేదు. 2011లో రెండో సీజన్ వాలెంటైన్స్ డేతో తెరుచుకుంటుంది. సవాకో అందరికీ చాక్లెట్లు చేసి పంచుతుంది. కజెహాయా కోసం చేసినది మాత్రం ఇవ్వలేక తన దగ్గరే ఉంచేసుకుంటుంది. అందరికీ అంది తనకే అందలేదేమని అతను కుమిలిపోతాడు.

ఇక్కడ ఒక వివేకం అవసరం. ‘రింగ్’ సినిమాలోని దయ్యం పేరుతో తోటివాళ్లు పిలుస్తుండగా పెరిగిన పిల్ల సవాకో. తననొకరు ఇష్టపడగలరన్న ఊహే ఆమెకు కొత్త. కాబట్టి తొలి సీజన్ జాప్యం పాత్రలోంచి పుట్టింది, చెల్లుతుంది. రెండో సీజన్‌లో తోటి విద్యార్థి కెంటో మియురా నడుమ దూరి పెంచే అపార్థం రచయిత్రి అవసరంలోంచి పుట్టింది. ప్రేక్షకుడి విసుగు ఆలస్యం మీద కాదు, ఈ రెండో రకం ఆలస్యం మీద.

ఉత్తమోదాహరణం

మొదటి రకానికి రూమికో తకహాషి ‘మెజోన్ ఇక్కోకు’ను మించినది లేదు. ఫుజీ టీవీలో 1986 నుంచి 1988 దాకా 96 ఎపిసోడ్లు. పాత అద్దె ఇంటి అయిదో గదిలో ఉండే గోదాయి ప్రవేశ పరీక్ష తప్పిన కుర్రాడు; ఇంటి మేనేజరుగా వచ్చిన క్యోకో పెళ్లయిన ఏడాదిలోపే భర్తను పోగొట్టుకున్న యువతి. పోయిన భర్త సోయిచిరో పేరే ఆమె కుక్కకూ ఉంది. టెన్నిస్ కోచ్ మితాకా డబ్బున్నవాడు, అందగాడు, కానీ కుక్కంటే వణుకు. అలా చనిపోయిన భర్త పేరే కొత్త వరుణ్ని వాకిట్లో నిలబెడుతుంది. గోదాయి తన ప్రేమను వీధి వీధంతా వినేలా ఒకసారి అరిచాడు, అప్పుడు తాగి ఉన్నాడు. అది ప్రమాణంగా చెల్లదు. పైగా చేతిలో ఉద్యోగం లేదు. క్యోకోకేమో ఇంకొకరిని ప్రేమిస్తే పోయినవాడికి ద్రోహం చేసినట్టవుతుందని భయం. ఈ రెండూ బాణసంచా కన్నా పెద్ద చప్పుళ్లు. చివరికి గోదాయి సమాధి ముందు నిలబడి, సోయిచిరోను మరిచిపొమ్మని అడగకుండా, ఆయన జ్ఞాపకంతో సహా ఆమెను స్వీకరిస్తానంటాడు. తనకన్నా ఒక్కరోజైనా ఎక్కువ బతకాలన్నది ఆమె పెట్టిన షరతు. ఈ అనిమేకు ముగింపు దొరకడానికి లౌకిక కారణమూ ఉంది: మాంగా 1987లోనే పూర్తయింది.

మతాంతరాలు

‘కగుయా-సామా’లో ఇద్దరు మేధావులు ముందు నోరు విప్పినవాడే ఓడినట్టని తీర్మానించుకుంటారు. జాప్యాన్నే కథావస్తువు చేసిన ఈ గ్రంథాన్ని టీకాకారులు తప్పుపట్టలేరు. అది స్వయంగా టీకాయే. ‘డిటెక్టివ్ కోనన్’ అనిమే 1996 జనవరిలో మొదలైంది. నాయకుడు షినిచి, నాయిక రాన్ జంట అయిన కథ 2019 జనవరిలో వచ్చింది. అన్నేళ్లలో వాళ్లు హైస్కూలు దాటలేదు గనుక ఆలస్యమైందని వాళ్లకు తెలియదు.

పాఠాంతరాలు

“బాణసంచా పేలును” అన్నచోట “రైలు పోవును” అని కొన్ని ప్రతుల్లో ఉంది, గ్రాహ్యం. “ఫోను మోగును” అర్వాచీన పాఠం. “చెల్లెలు తలుపు తీయును” అన్నది ఏటిగట్టున తలుపుండదు గనుక లేఖక దోషం. “పక్కగదివారు మద్యంతో ప్రవేశింతురు” అన్నది ఇక్కోకు శాఖలోనే కనిపిస్తుంది. అక్కడ పక్కగది యోత్సుయా గోదాయి గదిలోకి గోడకు కన్నం చేసుకున్నాడు గనుక, కన్నం లేని ఇళ్లకు ఈ పాఠం వర్తించదు.