‘మాడ్యూల్ దొరకలేదు’: టీకా తాత్పర్య సహితం

అవతారిక: కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లా అయ్యేదాకా సిద్దిపేటదీ ఆ జిల్లాయే. ఆధారం లేనిది రాయకూడదు, అక్కర లేనిది చెప్పకూడదు అన్నది ఆ మహానుభావుడు పెట్టుకున్న నియమం. 2023 జూన్‌లో ఐటీ టవర్ తెరుచుకున్న సిద్దిపేటకు ఆ నియమంతో ఇప్పుడు ఇంకో పని పడింది. వ్యాఖ్యానించాల్సిన గ్రంథం చిన్నదే, ఒకే ఒక్క వాక్యం.

సందర్భం: సోమవారం పొద్దున. పది గంటలకు మీటింగ్. అవుట్‌లుక్ క్యాలెండర్‌లో ఉండవలసిన ‘టీమ్స్ మీటింగ్’ బటన్ మాయమైంది. యాడ్-ఇన్ ఫైలును రెగ్‌ఎస్‌వీఆర్32తో మళ్లీ నమోదు చేయబోతే తెర మీద ఈ వాక్యం వెలిసింది.

మూలం: ‘ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బీ ఫౌండ్.’

ప్రతిపదార్థం: స్పెసిఫైడ్ = ఫలానా అని చెప్పబడినట్టి; మాడ్యూల్ = డీఎల్ఎల్ ఫైలు, అనగా పలు ప్రోగ్రాములు పంచుకు వాడుకునే కోడు మూట; కుడ్ నాట్ బీ ఫౌండ్ = కానరాదయ్యెను. ఎవరికి? విండోస్‌కు. కర్మణి ప్రయోగం చాటున కర్త తప్పించుకున్నాడు.

ఆక్షేపణ: ‘ఫైలు ఈడనే ఉన్నది గదా సార్, లేదంటదేంది?’ అని శిష్యుడి ప్రశ్న. ఫోల్డర్ తెరిచి చూపిస్తాడు కూడా.

సమాధానం: శిష్యుడిదీ నిజమే, వాక్యానిదీ నిజమే. ‘గంగలో గొల్లపల్లె’ అంటే నీళ్ల మీద ఊరు నిలవదు గనుక గంగ ఒడ్డున అని చెప్పుకుంటారు ఆలంకారికులు. ముఖ్యార్థం కుదరని చోట లక్షణ పనికొస్తుంది. ఇక్కడా అంతే. దొరకనిది ఆ ఫైలే కానక్కరలేదు, అది ఆధారపడ్డ మరో ఫైలు కావచ్చు. అలా తరచు తప్పిపోయేవాటిలో వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ ఒకటి. విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్‌ను మైక్రోసాఫ్ట్ దగ్గర నుంచే తెచ్చి ఇన్‌స్టాల్ చేస్తే అది వచ్చి కూర్చుంటుంది.

పాఠాంతరం: 32 బిట్ అవుట్‌లుక్ 64 బిట్ డీఎల్ఎల్‌ను లోడ్ చేసుకోలేదు. టీమ్స్ యాడ్-ఇన్ ఫోల్డర్‌లో ఎక్స్64, ఎక్స్86 అని రెండు పాఠాలు ఉండేది అందుకే.

విశేషం: 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లుండే ఫోల్డర్ పేరు సిస్టమ్32. 32 బిట్ ఫైళ్లున్న దాని పేరు సిస్‌వావ్64. దీన్నే విపరీత లక్షణ అనాలి. పాత పేరు మారిస్తే ఆ దారి నమ్ముకున్న ప్రోగ్రాములు చెడతాయని అలాగే ఉంచేశారు.

ప్రక్షిప్తం: ముక్కూ మొహం తెలియని సైటు నుంచి విడి డీఎల్ఎల్ దించుకుని ఫోల్డర్‌లో వేయడం. మల్లినాథుడు ఒప్పుకోడు, యాంటీవైరస్సూ ఒప్పుకోదు.

తాత్పర్యం: మొదట అవుట్‌లుక్ ఆప్షన్స్‌లో యాడ్-ఇన్ డిసేబుల్ అయిందేమో చూడాలి. రిజిస్ట్రీలో లోడ్‌బిహేవియర్ విలువ 3 అయితే అవుట్‌లుక్ తెరవగానే యాడ్-ఇన్ తానే లోడవుతుంది. 2 అయితే కాదు. అప్పటికీ రాకుంటే రీడిస్ట్రిబ్యూటబుల్, తర్వాత బిట్ల పొంతన, చివరికి రిపేర్. వాడుతున్నది కొత్త అవుట్‌లుక్ అయితే ఈ టీక మొత్తం వృథా, అది ఇలాంటి కామ్ యాడ్-ఇన్‌లను నడపనే నడపదు.

ఫలశ్రుతి: ఇది చదివి ఆచరించిన వారికి బటన్ తిరిగొస్తుంది, దాని వెంట పది గంటల మీటింగూ వస్తుంది.