వడ్డించేవాడు నేనే అయితే

బ్యాంకులో అప్పుల వసూళ్ల విభాగంలో తల నెరిసినవాణ్ణి. ఉద్యోగం వదిలినా దాని జబ్బు నన్ను వదల్లేదు. ఎక్కడ డబ్బు కట్టినా, ఎవరు కట్టినా, రావలసింది ఎంత, వచ్చింది ఎంత, ఇంకా బాకీ ఎంత అని బుర్ర తనంతట తనే లెక్క కడుతుంది. సియాటిల్‌లో ఉండే మా అమ్మాయీ అల్లుడూ అలాస్కాకు ఓడ మీద వెళ్దామన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న గ్లేసియర్ల గురించి కాదు, "భోజనం టికెట్లోనే కలిపారా?" అని. కలిపారన్నారు. అంతే, ఓడ ఎక్కకముందే నిశ్చయించుకున్నాను. కట్టింది అల్లుడు, రాబట్టవలసింది నేను.

ఇలాంటి ఓడల్లో భోజనానికి ముఖ్యంగా రెండు చోట్లు. పై అంతస్తులో తెల్లవారింది మొదలు రాత్రి పొద్దుపోయేదాకా దాదాపు ఆగకుండా నడిచే బఫే ఒకటి. కింద తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ఫోర్కుల వరసలు, మనిషి వచ్చి అడిగి తెచ్చిపెట్టే పెద్ద భోజనశాల ఇంకొకటి. రెంటికీ విడిగా కట్టక్కర్లేదు. మద్యం, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు మాత్రం అదనం. అదనం అన్న మాట చెవిన పడ్డాక అటు కన్నెత్తి చూడలేదు. నా గురి అంతా బఫే మీదే.

మొదటి రోజు మధ్యాహ్నం గదులు ఇంకా సర్దుతూ ఉంటారు కాబట్టి, ఎక్కినవాళ్లంతా చేతిసంచులతో సహా తిన్నగా బఫేకే వస్తారు. ఆ జనాన్ని చూడగానే నాకు కంగారు పుట్టింది. ఎక్కడ వరస పొడుగ్గా ఉంటే అక్కడే మంచి సరుకు ఉంటుందని నా నమ్మకం. అలాంటి వరసే చూసుకుని నిలబడ్డాను. చాలాసేపటికి నా వంతు వచ్చింది. తెల్లటోపీ పెట్టుకున్నాయన కత్తి పైకెత్తి ఎన్ని ముక్కలు కావాలన్నాడు. ఎదురుగా నా తొడంత గొడ్డుమాంసం. ఆ వరస మొత్తం ఆ ఒక్కదాని కోసమే. నేను అది తినను. వెనకవాళ్లు చూస్తుండగా, "ఊరికే చూద్దామని వచ్చాను" అని పక్కకు తప్పుకున్నాను.

ఒక చివర పళ్లెం అందుకుని రెండో చివర ఐస్‌క్రీముతో బయటపడే పద్ధతి కాదట అక్కడ. సలాడ్లు ఒకచోట, రొట్టెలు ఒకచోట, నూడుల్స్ ఇంకోచోట, విడివిడిగా కౌంటర్లు. కావలసినవాళ్లు కావలసిన చోటికి వెళ్తారు. అల్లుడు ఈ సంగతి, "అలా కూడా వెళ్లొచ్చు మామయ్య గారూ" అని ఎంతో సుతారంగా చెప్పాడు. నేను దాన్ని నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను. అంటే వరసలే లేవన్నమాట! మర్నాడు పొద్దున ఆమ్లెట్ల దగ్గర, "ఒక్క మిరపకాయ ముక్కే" అంటూ ఇద్దరి మధ్యలోంచి చెయ్యి దూర్చాను. అక్కడ నిలబడ్డ పెద్దావిడ ఏమీ అనలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, ముందు మీరే కానివ్వండని చెయ్యి చూపించింది. ఆవిడ తిట్టినా ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

కుర్చీల సంగతి ఇంకా అన్యాయం. మన పెళ్లిళ్లలో బంతి లేవకముందే, తింటున్నవాళ్ల కుర్చీ వీపు పట్టుకుని వెనకాల నిలబడతాం. పెరుగన్నం దాకా వచ్చారా లేదా అని తొంగిచూస్తాం. నేను అక్కడా అదే చేశాను. కిటికీ పక్కన వృద్ధ దంపతులు కాఫీ తాగుతుంటే, పళ్లెం పట్టుకుని వాళ్ల వెనకాలే నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి, థ్యాంక్యూ చెప్పి, ఖాళీ కప్పు నా పళ్లెంలో పెట్టబోయాడు.

ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే సంగతులు. పళ్లెం సంగతి అలాంటిది కాదు.

తిన్న పళ్లేన్ని బల్ల మీదే వదిలేసి, రెండోసారి వెళ్లేటప్పుడు కొత్తది తీసుకోవాలి. బఫే మర్యాదల్లో ఇది మొదటిది. నాకు అది దుబారాగా తోచింది. మనం పుట్టి పెరిగిన పద్ధతిలో విస్తరి ముందు కూర్చున్నామంటే లేచేదాకా అదే విస్తరి. పైగా కడిగేవాళ్లకు శ్రమ తప్పిస్తున్నానని ఒక గొప్ప. కాబట్టి సాస్ అంటిన పళ్లెంతోనే మళ్లీ వెళ్లాను. వేపుడు కోడిమాంసం పెట్టుకున్న పటకారుతోనే పక్క ట్రేలోని ఉడికించిన కూరగాయలూ తీసుకున్నాను. ఆ పటకారు నా పళ్లేనికి తగిలింది, తిరిగి ట్రేలోకి వెళ్లింది. మా ఆవిడ శాకాహారి. నా వెనకే వచ్చి, చూసి, ఖాళీ పళ్లెంతో వెనక్కి వెళ్లిపోయింది. ఆ పూట పండ్లు మాత్రం తింది.

"ఎంగిలి కదా తాతయ్యా?" అంది మనవరాలు. దానికి ఆ మాట నేర్పింది నేనే. నా గ్లాసులో నీళ్లు తాగొద్దనీ, సగం కొరికిన బిస్కెట్టు డబ్బాలో పెట్టొద్దనీ వీడియో కాల్‌లో కూడా పాఠం చెప్పినవాణ్ణి నేను. మా ఇంట్లో అమ్మ వండిన గిన్నెలో తింటున్న చెయ్యి పెట్టడమంటే నేరం కింద లెక్క. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, కొన్ని వేలమంది తినే ట్రేలో ఎంగిలి పటకారు పెట్టి, కడిగేవాళ్లకు శ్రమ తప్పించానని మురిసిపోయాను.

అమ్మాయి ఫార్మసీలో పనిచేస్తుంది కాబట్టి పాఠం అక్కడితో ఆగలేదు. ఈ ఓడలకు పెద్ద బెడద నోరోవైరస్. 1968లో ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే ఊరి బడిలో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆ ఊరి పేరే తరవాత ఈ వైరస్‌కు వచ్చింది. వందలోపు కణాలు కడుపులోకి పోయినా చాలట, మనిషి పడకేయడానికి. గరిటెల మీద, పటకార్ల మీద, లిఫ్టు బటన్ల మీద కూర్చుని ఉంటుంది. బఫే గుమ్మంలో శానిటైజర్ చుక్క వేసుకుని లోపలికి దూసుకుపోయేవాణ్ణి. ఆల్కహాలు శానిటైజర్లకు ఈ వైరస్ సరిగా లొంగదు. సబ్బుతో, పారే నీళ్లతో కనీసం 20 సెకన్లు కడుక్కోవాలి. అందుకే గుమ్మం దగ్గరే చేతులు కడుక్కునే తొట్లు పెట్టారు. అవి పిల్లల కోసమేమో అనుకున్నాను. అమెరికా రేవులకు వచ్చే ఇలాంటి ఓడలను అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1970ల నుంచి తనిఖీ చేసి మార్కులు వేస్తోంది. వందకు 86 వస్తేనే గట్టెక్కినట్టు. "నీకు ఎన్ని వస్తాయి తాతయ్యా?" అంది మనవరాలు. అల్లుడు కిటికీలోంచి సముద్రం చూశాడు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే నాకే ఒక సంగతి తట్టింది. నేను ఊళ్లో తిండిపోతును కాను. బంతిలో నా పేరు మితభోజి. బూరె దగ్గరికి వస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేస్తాను. అయితే నేను చెయ్యి అడ్డం పెట్టేది, ఇంకొకడు గంపతో ముందు నిలబడి "ఇంకొక్కటి, నా మీద ఒట్టు" అన్నప్పుడే. వాడు బలవంతం చేయాలి, నేను వద్దనాలి, చివరికి ఒకటి పడాలి, అది నా ఆకలి వల్ల కాకుండా వాడి మర్యాద వల్ల పడినట్టుండాలి. అరవై ఏళ్లుగా నా నిగ్రహమంతా ఆ గంప పట్టుకున్నవాడి మీద ఆధారపడి ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేవాడూ తినేవాడూ ఒకడే అయితే? నాలో వడ్డించేవాడు "పెట్టించుకోండి, పెట్టించుకోండి" అంటున్నాడు. అడ్డం పెట్టాల్సిన చెయ్యి పటకారు పట్టుకుని ఉంది.

తట్టింది సరే, మారానా? గ్లేసియర్ బే వచ్చింది. ఆ ఉదయం నేషనల్ పార్కు రేంజర్లు ఓడ ఎక్కి మైకులో కథలు చెబుతున్నారు. జనమంతా చలికోట్లు వేసుకుని డెక్కుల మీద ఉన్నారు. అంటే వాఫిళ్ల దగ్గర వరస చిన్నది. ఆ అవకాశం మళ్లీ రాదని నేను అటు వెళ్లాను. మార్జరీ గ్లేసియర్ లోంచి పెద్ద మంచు పెళ్ల విరిగి ఉరుము ఉరిమినట్టు నీళ్లలో పడిందట. ఓడంతా కేక వేసింది. ఆ కేక నాకు వినిపించింది. అప్పుడు నేను వాఫిల్ మీద సిరప్ పోసుకుంటున్నాను.

అసలు పరువు పోయింది మాత్రం కింది భోజనశాలలో. అక్కడ మాది ఆరుగంటల విడత. ఒకే బల్ల, ఒకే వెయిటర్, రోజూ అదే వేళ. ఇండోనేషియా కుర్రాడు. ఇంటికి దూరంగా నెలల తరబడి ఒప్పందం మీద పనిచేస్తాడు. మా ఆవిడ శాకాహారి అని మొదటి రాత్రే తెలుసుకుని, రేపటి మెనూ నేడే చూపిస్తాననీ, కావలసింది చెబితే ఆమె కోసం విడిగా వండిస్తాననీ అన్నాడు. పైన సూపులో ఏ మాంసం రసం కలిసిందోనని ఆమె బెంగపెట్టుకుంటుంటే, అడిగితే చాలు దారి దొరికే చోటు కింద ఉందన్నమాట. నాకు మాత్రం వేరే సంగతి తెలిసింది. మెనూలో ఒకటికి రెండు అడిగినా పైసా ఎక్కువ పడదు. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి పైన పిజ్జా, కేకు కానిచ్చి, ఆరుగంటల విడతకు ఆలస్యంగా కిందికి దిగాను. మా బల్ల దగ్గరివాళ్లంతా నా కోసం ఆగి ఉన్నారు. ఒకరు రాకపోతే మిగిలినవాళ్లకు వడ్డన మొదలుపెట్టడానికి వెయిటర్లు వెనకాడతారు. ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి హుషారుగా సూపూ, రెండు స్టార్టర్లూ, చేపా, పాస్తా అన్నీ చెప్పేశాను.

నాలుగు ముద్దలు దిగలేదు. కుర్రాడు వచ్చాడు. "బాగాలేదా సార్? మార్చి తెస్తాను" అన్నాడు. బాగుందన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చాడు. ఈసారి మొహం చిన్నబోయి ఉంది. ప్రయాణికులు ఏమనుకున్నారన్నది ఆ ఉద్యోగాల్లో లెక్కకొస్తుందని అల్లుడు ముందే చెప్పాడు. తప్పు అతనిది కాదని చెప్పాలి, నేను ఎక్కువ తిన్నానని ఒప్పుకోకూడదు. మధ్యేమార్గంగా పొట్ట మీద చెయ్యి వేసుకుని, "కడుపులో బాగాలేదు" అన్నాను.

ఓడలో అనకూడని మాట అది. కుర్రాడు అర అడుగు వెనక్కి జరిగాడు. నిమిషంలో పైఅధికారి వచ్చాడు. వాంతులా, విరేచనాలా, ఎప్పటినుంచి, నిన్న ఏం తిన్నారు అని నెమ్మదిగా, పక్క బల్లకు వినబడకుండా అడిగాడు. వైద్యకేంద్రానికి వెళ్లాలనీ, అవసరమైతే లక్షణాలు తగ్గేదాకా గదిలోనే ఉండాలనీ చెప్పాడు. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ నూటికి ముగ్గురు ఇలా వైద్యకేంద్రంలో నమోదైతే చాలు, ఆ ఓడ పేరు సీడీసీ బహిరంగంగా ప్రకటిస్తుంది. ఆ లెక్కలో నేను ఒకణ్ణి కాబోతున్నాను. మా ఆవిడ నన్ను చూసింది. అమ్మాయి నాప్‌కిన్ మడతలు చూసుకుంటోంది. ఇక దారిలేక, బ్యాంకులో ఎగవేతదారులు నా ముందు నేల చూపులు చూసినట్టే చూస్తూ చెప్పాను. నాలుగింటికి పిజ్జా. ఎన్ని ముక్కలని అడిగాడు. అది కూడా చెప్పాను. కేకు గురించి మనవరాలు చెప్పింది.

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. కుర్రాడు మాత్రం ముట్టని పళ్లేలు తీసుకుపోతూ అల్లం టీ తెచ్చిపెట్టాడు. ఆ పళ్లేల్లోది ఎక్కడికి పోతుందో అంతకు ముందురోజే ఓడ వంటశాల చూడ్డానికి వెళ్లినప్పుడు విన్నాను. మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, తిండి వ్యర్థాలను 25 మిల్లీమీటర్ల కంతల్లోంచి జారేంత చిన్నగా రుబ్బితే, తీరం నుంచి కనీసం 3 నాటికల్ మైళ్ల దూరంలో మామూలుగా సముద్రంలో వదలవచ్చు. రుబ్బకపోతే 12 మైళ్లు. నా అల్లుడి డబ్బులో కొంత ఉత్తర పసిఫిక్ చేపలకు ముట్టిందని అప్పుడు లెక్క తేలింది.

చివరి మజిలీ విక్టోరియా. విదేశీ జెండా ఓడలు అమెరికా రేవులోనే ఎక్కించుకుని అమెరికా రేవులోనే దించాలంటే మధ్యలో పరదేశపు రేవు ఒకటి తాకాలని 1886 నాటి చట్టం పట్టుబడుతుంది. అందుకని అలాస్కా చూసి వస్తూ కెనడాలో ఆగుతారు. పరదేశం కాబట్టి ఓడలోని తిండి దించవద్దని గుమ్మం దగ్గరే బోర్డు. బఫేలో కోటు జేబుల నిండా కుక్కుకున్న యాపిళ్లు ఒక్కొక్కటే తీసి చెత్తడబ్బాలో వేస్తుంటే వెనకాల వరస ఆగిపోయింది. ఈసారి ఆ వరస పొడుగ్గా ఉండటానికి కారణం నేనే.

మొత్తానికి ఓడ దిగేసరికి మర్యాదలన్నీ వచ్చేశాయి. మా ఊరు తెనాలికి తిరిగొచ్చిన కొత్తల్లో పాత సహోద్యోగి కూతురి పెళ్లి. బఫే. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగాను. పచ్చడి గరిటె పప్పులో పెట్టిన కుర్రాణ్ణి మందలించాను. పులిహోర, బూరె అయ్యాక పళ్లెం పక్కన పెట్టి, కొత్త పళ్లెం తీసుకుని అన్నానికి వెళ్లాను. పెరుగుకు ఇంకొకటి తీసుకున్నాను. పక్కనున్నవాళ్లకు నోరోవైరస్ గురించి చెప్పి, వాళ్లచేత కూడా తీయించాను. మూడో పళ్లెం అందుకుంటుంటే క్యాటరింగ్ మేస్త్రీ నవ్వుతూ పుస్తకంలో గీత గీసుకున్నాడు. ఏమిటయ్యా అన్నాను.

"ప్లేటుకింత అని మాట్లాడుకున్నాం సార్. మీలాంటివాళ్లు పదిమంది ఉంటే చాలు మాకు" అన్నాడు.

పెళ్లికూతురి తండ్రి కాస్త దూరంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు.